కాలువ ఎండిందా, తూము పూడిందా: డోపమైన్ కణాలు, రిసెప్టార్ల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు. ఎనిమిది నెలలుగా నడక నెమ్మదించింది, చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. పార్కిన్సన్స్ అని చెప్పి లెవోడోపా మాత్రలు మొదలుపెట్టారు. మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఎక్కడుంటాయి, ఎందుకు చచ్చిపోతాయి, డీ1, డీ2 రిసెప్టార్లంటే ఏమిటి అని అడిగారు. డోపమైన్ తక్కువైతే ఆ ఇంజెక్షనే ఇచ్చేయొచ్చు కదా, రీల్స్ చూస్తే డోపమైన్ పెరుగుతుందంటున్నారు, అదైనా పనికొస్తుందా అని కూడా అడిగారు.

అన్నింటికీ చెప్తాను. అయితే చివర్లో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "రెండేళ్లుగా పరగడుపున గ్యాస్ మాత్ర, అప్పుడప్పుడు కళ్లు తిరిగితే ఇంకోటి, అంతకుమించి వేరే మందులేం లేవు" అన్నారు. ఆ రెండు మాత్రల పేర్లు రాయలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు కణాల గురించి చెప్తే అది ఎందుకు అడుగుతున్నానో మీకే తెలుస్తుంది. నేను ఒక జిల్లా కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా న్యూరాలజీ చూస్తున్నాను. ఇలాంటి వాక్యాలు ఓపీలో చాలానే విన్నాను.

ఎంబీబీఎస్ మొదటి ఏడాది అనాటమీ హాల్లో మా మేడమ్ ఒక మధ్యమెదడును అడ్డంగా కోసి పళ్లెంలో పెట్టి చూపించారు. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఆ ముక్కంతా పాలిపోయిన రంగులో ఉంది. మధ్యలో అటొకటి ఇటొకటి, కాటుకతో గీసినట్టు రెండు నల్లటి గీతలు. అదే సబ్‌స్టాన్షియా నైగ్రా. లాటిన్‌లో నల్ల పదార్థం అని అర్థం. డోపమైన్ తయారుచేసే కణాల్లో న్యూరోమెలనిన్ అనే రంగు ఏళ్ల తరబడి పేరుకుంటుంది, ఆ నలుపు దానిదే. పసిపిల్లల మెదడు కోస్తే అక్కడ నలుపు దాదాపు కనిపించదు. తర్వాత న్యూరాలజీ చదివేటప్పుడు పార్కిన్సన్స్‌తో పోయిన ఒకాయన మెదడు ముక్కను మామూలు ముక్క పక్కన పెట్టి చూశాను. రాత్రి పెట్టుకున్న కాటుక తెల్లారేసరికి చెరిగిపోయినట్టు ఆ గీత వెలిసిపోయి ఉంది. 1919లో పారిస్‌లో ట్రెటియాకాఫ్ అనే యువ డాక్టరు తన థీసిస్‌లో రాసింది సరిగ్గా ఈ సంగతే. అప్పటికి డోపమైన్ మెదడులో ఉంటుందనే ఎవరికీ తెలియదు.

మనిషి మెదడులో మొత్తం నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటిలో మధ్యమెదడులోని డోపమైన్ కణాలు నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే. అంటే లక్ష కణాలకు ఒకటి కూడా లేదు. అంత తక్కువమంది అంత పెద్ద మెదడుకు ఎలా సరిపోతారంటే, ఒక్కొక్క కణం వేసే కొమ్మలు లెక్కలేనన్ని. ఎలుకలో ఒకే ఒక్క నైగ్రా కణాన్ని రంగుతో గుర్తుపట్టి, దాన్నుంచి తీగలా సాగే పోగునంతా కొలిచారు. కొమ్మలన్నీ కలిపితే 78 సెంటీమీటర్ల దాకా వచ్చింది. ఎలుక మొత్తం పొడవుకన్నా ఎక్కువ. మనిషిలో అయితే ఒక్క కణం వేరే కణాలతో కలిసే చోట్లు పది లక్షలకు పైగా ఉంటాయని అంచనా.

ఇంత సంసారాన్ని ఈదడమే ఆ కణానికి చేటు. పైగా అది ఊరికే కూర్చోదు. ఎవరూ చెప్పకపోయినా గుండెలాగా తనంతట తాను సెకనుకు నాలుగైదు సార్లు కొట్టుకుంటూనే ఉంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ లోపలికి కాల్షియం వస్తుంది, దాన్ని బయటికి తోడిపోయాలి, దానికి శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే మైటోకాండ్రియాలు అరవై ఏళ్లు ఆపకుండా తిరిగిన మోటార్లలాగా వేడెక్కిపోతాయి. దానికితోడు డోపమైన్ తిత్తుల్లో భద్రంగా ఉన్నంతసేపే మంచిది, కణం లోపల ఒలికితే ఆక్సీకరణ చెంది విషంగా మారుతుంది. ఆల్ఫా-సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ ముద్ద కట్టడం మరో కారణం. ఆ ముద్దలనే 1912లో మొదట వర్ణించిన ఫ్రిడ్రిష్ లెవీ పేరుతో లెవీ బాడీలంటాం. వీటిలో ఏది ముందు, ఏది వెనక అనే వాదన మా మీటింగుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ కణాలు ఎంత సున్నితమో చూపించిన ఉదంతం ఒకటుంది. 1982లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రాంతంలో హెరాయిన్ లాంటి దొంగ మందు ఎక్కించుకున్న కొందరు కుర్రవాళ్లు రాత్రికి రాత్రి కొయ్యబారిపోయారు. మాట లేదు, కదలిక లేదు, ముఖంలో కవళిక లేదు. ఎనభై ఏళ్ల పార్కిన్సన్స్ పేషెంటు ఎలా ఉంటాడో అలా. బిల్ లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు వెంటపడి చూస్తే ఆ మందు వండటంలో తేడా వచ్చి ఎంపీటీపీ అనే రసాయనం కలిసిందని తేలింది. మెదడులోకి వెళ్లాక అది వేరే రూపంలోకి మారుతుంది. వాడేసిన డోపమైన్‌ను కణం తిరిగి లోపలికి లాక్కునే ద్వారం ఒకటుంది, డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ అంటాం. ఆ విషం సరిగ్గా ఆ ద్వారంలోంచే లోపలికి దూరి నైగ్రా కణాలను ఏరి ఏరి చంపింది. ఈ ద్వారం పేరు గుర్తుంచుకోండి, స్కాన్ దగ్గర మళ్లీ దీని పని పడుతుంది.

డోపమైన్ తయారీకి ముడిసరుకు పప్పు, పాలు, గుడ్డు, మాంసంలో దొరికే టైరోసిన్. కణంలో ఒక ఎంజైమ్ దాన్ని ఎల్-డోపాగా, ఇంకో ఎంజైమ్ ఎల్-డోపాను డోపమైన్‌గా మారుస్తాయి. నాన్నగారి మాత్రలోని లెవోడోపా ఆ మధ్య మెట్టే. తయారైన డోపమైన్‌ను కణం చిన్న తిత్తుల్లో నింపి పోగు చివరల్లో నిల్వ ఉంచుతుంది.

ఇక ఈ కణాలు ఎక్కడికి పంపుతాయన్నది అసలు విషయం. కృష్ణా డెల్టాలోనో సాగర్ ఆయకట్టులోనో పొలం ఉన్నవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ప్రధాన కాలువ ఒకటే, నీళ్లూ ఒకటే. కానీ ఏ మేజరు కాలువకు వదిలారు, ఏ తూము తెరిచారు, తూము అవతల ఏ పంట ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. వరి మడికి నిలవ నీరు ప్రాణం. అదే నీరు మిరప చేనులో రెండు రోజులు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. డోపమైన్‌ను "హ్యాపీ కెమికల్" అనేవాళ్లు నీళ్లను చూసి ఇదే పంట అన్నట్టు మాట్లాడుతున్నారు.

నైగ్రా నుంచి వెళ్లే కాలువ మెదడు లోతుల్లో ఉన్న స్ట్రయేటమ్ అనే చోటికి పోతుంది, కదలికకు అదే ముఖ్యం. నైగ్రా పక్కనే ఉన్న వీటీఏ అనే గుంపు నుంచి ఒక కాలువ కోరిక, అలవాటు, నేర్చుకోవడం చూసే భాగాలకు, ఇంకోటి నుదుటి వెనక ఉండే మెదడుకు వెళ్తాయి. హైపోథలామస్‌లో ఇంకో చిన్న గుంపు ఉంది. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మీద డోపమైన్ చల్లుతూ పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అదుపులో పెడుతుంది. కంటి రెటీనాలో, వాసన పసిగట్టే భాగంలో కూడా కొన్ని ఉన్నాయి. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా దెబ్బతినేది నైగ్రా కాలువ. పక్కింటి వీటీఏ కణాలు చాలావరకు తట్టుకుంటాయి. మొదటి వణుకో మందకొడితనమో కంటికి కనిపించే నాటికే స్ట్రయేటమ్‌లో డోపమైన్ 60 నుంచి 80 శాతం దాకా తగ్గిపోయి ఉంటుంది. అంతదాకా మిగిలిన కణాలే ఓవర్‌టైమ్ చేసి నెట్టుకొస్తాయి.

రిసెప్టార్లంటే తూములు అనుకోండి. అవి ఉండేది అందుకునే కణాల మీద. ప్రతి రిసెప్టార్ కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటే ఒక పొడవాటి ప్రొటీన్. డోపమైన్ వచ్చి బయటివైపు ఇమిడితే లోపలివైపు ఇంకో ప్రొటీన్ కదిలి కణానికి కబురు చెప్తుంది. ఇవి రెండు రకాలని 1979లో కెబాబియన్, కాన్ అనే శాస్త్రవేత్తలు విడదీశారు. డీ1 రకం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాన్ని పెంచుతుంది, డీ2 రకం తగ్గిస్తుంది. 1988 నుంచి 1991 లోపల జన్యువులు ఒక్కొక్కటే దొరికి మొత్తం ఐదని తేలింది. డీ1, డీ5 ఒక వైపు, డీ2, డీ3, డీ4 ఇంకో వైపు. డీ5, డీ4 గురించి ఈ సందర్భంలో మీకు పనిలేదు.

నాన్నగారి గుండీ దగ్గరికి వద్దాం. గుండీని కాజాలోంచి దూర్చాలంటే బొటనవేలు, చూపుడువేలు కదలాలి. ఆ క్షణాన మిగతా వేళ్లు, మణికట్టు, భుజం అనవసరంగా కదలకుండా ఆగాలి. స్ట్రయేటమ్‌లో రెండు గుంపుల కణాలు ఈ పని పంచుకుంటాయి. ఒక గుంపు "కానీ" అంటుంది, వాటి మీద డీ1 ఉంటుంది. ఇంకో గుంపు "ఆగు" అంటుంది, వాటి మీద డీ2 ఉంటుంది. డోపమైన్ వచ్చి పడితే డీ1 ద్వారా "కానీ" కణాలు హుషారెక్కుతాయి, డీ2 ద్వారా "ఆగు" కణాల నోరు మూతపడుతుంది. ఒకే రసాయనం, రెండు వ్యతిరేకమైన పనులు, రెండింటి ఫలితం మాత్రం ఒకటే: వేలు కదులుతుంది. డోపమైన్ రాకపోతే "కానీ" అనేవాళ్లు నీరసపడతారు, "ఆగు" అనేవాళ్లు గొంతు పెంచుతారు. గుండీ పట్టుకున్న చెయ్యి అక్కడే నిలబడిపోతుంది. ఆయనకు బలం తగ్గలేదు. వేళ్లు గట్టిగానే ఉంటాయి, కదలడానికి అనుమతి దొరకదు.

డీ2 తూములు ఇంకో చోట కూడా ఉంటాయి, డోపమైన్ పంపే కణం మీదే. ఓవర్‌హెడ్ ట్యాంకులో బంతి వాల్వులాగా, బయట డోపమైన్ ఎక్కువైతే ఇవి పసిగట్టి "చాలు, ఆపు" అని తమ కణానికే చెప్తాయి.

ఇప్పుడు మీకో చిన్న లెక్క. కాలువలో నీళ్లు లేకపోయినా, నీళ్లుండి తూముకు మట్టి అడ్డం పడినా, చివరి ఎకరం రైతుకు కనిపించేది ఎండిన చేనే. గట్టు మీద నిలబడి చేను చూసి ఏది కారణమో చెప్పలేం. మెదడులో కూడా అంతే. కణాలు చచ్చిపోయినా, కణాలు బాగుండి డీ2 రిసెప్టార్లకు ఏదైనా మందు అడ్డం పడినా, పైకి అదే మందకొడి నడక, అదే బిగుతు, అదే గుండీ.

డీ2కు అడ్డం పడితే ఏమవుతుందో నేను మొదట చూసింది హౌస్ సర్జన్‌గా, ఒక రాత్రి క్యాజువాలిటీలో. పదహారేళ్ల అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. మెడ ఒక పక్కకు మెలితిరిగి గడ్డం భుజానికి తగులుతోంది, కనుగుడ్లు పైకెళ్లి నిలిచిపోయాయి, నాలుక ముందుకు పొడుచుకొచ్చి మాట ముద్దగా వస్తోంది. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది, భయంతో ఏడుస్తోంది. వాళ్ల నాయనమ్మ అప్పటికే వేపమండలతో దిగదుడిచింది, గాలి సోకిందనుకున్నారు. మా సీనియర్ అడిగింది ఒకటే ప్రశ్న: "పొద్దున్న వాంతులకు ఇంజెక్షన్ చేయించారా?" చేయించారు. మెటోక్లోప్రమైడ్. వాంతి ఆపడానికి అది డీ2ను అడ్డుకుంటుంది, మెదడులోకీ వెళ్తుంది. చిన్నవయసు వాళ్లలో కొందరికి ఇలా తిరగబడుతుంది. ప్రొమెథజిన్ ఇంజెక్షన్ ఇచ్చాక ఇరవై నిమిషాల్లో మెడ దానంతట అదే సర్దుకుంది. నాయనమ్మ నా చేతిలో వేపమండ చూసి నాకూ దిగదుడిచి వెళ్లింది. ఆమె కింద పడేసింది నేను తీస్తున్నాను, అంతే.

ఈ తూముల సంగతి బయటపడటంలో మన మొక్క ఒకటి ఉంది. సర్పగంధి వేరు. పిచ్చికి, బీపీకి అది పనిచేస్తుందని మన దేశంలో 1931లోనే వ్యాసం వచ్చింది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బీపీ పేషెంట్ల మీద దాని ఫలితాలు బ్రిటన్ పత్రికలో రాశాక ప్రపంచమంతా దాని వెంట పడింది. దానిలోని రెసెర్పిన్ డోపమైన్ తిత్తులను ఖాళీ చేస్తుంది. కాలువ బాగుంది, తూము బాగుంది, రిజర్వాయర్‌కు గండిపడిందన్నమాట. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసెర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలాడేసుకుని కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. దాన్నుంచే డోపమైన్‌కు మెదడులో సొంతంగా ఒక పని ఉందని ఆయన పట్టుకున్నాడు, 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ కలిసి పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లు పరీక్షిస్తే స్ట్రయేటమ్‌లో డోపమైన్ అడుగంటి కనిపించింది. మరుసటి ఏడాది ఎల్-డోపా ఇంజెక్షన్ ఇస్తే మంచం మీంచి లేవలేనివాళ్లు కొన్ని గంటలపాటు లేచి నడిచారు. 1967లో జార్జ్ కొట్జియాస్ నోటిద్వారా కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఇచ్చే పద్ధతి చూపించాక అది రోజువారీ మందైంది.

ఎల్-డోపా ఉన్న మొక్క కూడా మన చేల గట్ల మీదే ఉంది. దూలగొండి. చిన్నప్పుడు దాని నూగు తగిలి ఒళ్లంతా గోక్కోనివాళ్లు పల్లెల్లో తక్కువ. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. ఆయుర్వేదంలో కంపవాతానికి ఆ గింజ వాడుక ఉంది. అలాగని ఆన్‌లైన్‌లో పొడి తెప్పించి చెంచాడు చెంచాడు వేయకండి. ఏ డబ్బాలో ఎంత ఉందో తెలియదు, డాక్టరు ఇచ్చిన మోతాదుకు తోడు అదీ కలిస్తే నాన్నగారికి బీపీ పడిపోవచ్చు, కాళ్లూచేతులూ వాటంతట అవే మెలికలు తిరగవచ్చు.

డోపమైన్ ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వరన్నది మంచి ప్రశ్న. ఇస్తారు, ఐసీయూలో, బీపీ పడిపోయినప్పుడు. అది గుండె మీద, రక్తనాళాల మీద పనిచేస్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడను డోపమైన్ దాటలేదు. లెవోడోపా మాత్రం ఆహారంలోని అమైనో ఆమ్లాలు వెళ్లే ద్వారంలోంచి దర్జాగా లోపలికి వెళ్తుంది. అందుకే మాత్ర వేసుకుని వెంటనే పప్పన్నమో గుడ్డో తింటే ఆ ద్వారం దగ్గర తోపులాట జరిగి మందు వెనకబడుతుంది. భోజనానికి అరగంట, గంట ముందు వేయమనేది అందుకే. ఆ మాత్రలో కార్బిడోపా కూడా ఉంటుంది. లెవోడోపా దారిలోనే డోపమైన్‌గా మారిపోకుండా ఆపడం దాని పని. అది లేకపోతే ఎక్కువ భాగం బయటే ఖర్చైపోయి కడుపులో తిప్పుతుంది, ఎందుకంటే వాంతి పుట్టించే చోటు ఆ గోడకు బయట ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. లెవోడోపా మొదలుపెట్టిన కొత్తలో వాంతులొస్తున్నాయని దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్తే మెటోక్లోప్రమైడ్ ఇచ్చే అవకాశం ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు అది ఇవ్వకూడదు. ఒక చేత్తో నీళ్లు వదిలి ఇంకో చేత్తో తూము మూసినట్టు. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి, ఈసీజీ బాగుంటే, అది వాడతాం.

రీల్స్ సంగతి. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో సన్నని తీగలు పెట్టి డోపమైన్ కణాల చప్పుడు విన్నాడు. అనుకోకుండా పళ్లరసం చుక్క నోట్లో పడితే కణాలు ఒక్కసారి గబగబా కొట్టుకున్నాయి. లైటు వెలిగితే రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక లైటుకే కొట్టుకున్నాయి, రసానికి ఊరుకున్నాయి. లైటు వెలిగి రసం రాకపోతే, రావలసిన ఆ క్షణానికి కణాలు మౌనం పాటించాయి. అంటే అవి చెప్పేది సుఖం గురించి కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా గురించి. తర్వాతి రీల్ ఏముంటుందో తెలియకపోవడమే వేలును ఆపనివ్వదు. కానీ ఫోన్ చూస్తే బతికున్న కణాలు కొట్టుకుంటాయి, పోయినవి తిరిగి రావు. "డోపమైన్ డీటాక్స్" అనే మాట విన్నప్పుడల్లా నాకు మా వార్డు గుర్తొస్తుంది. నిజంగా డోపమైన్ ఖాళీ అయినవాళ్లు అక్కడ ఉంటారు, మంచం మీద పక్కకు తిరగడానికి మనిషి సాయం కావాలి. ఫోన్ ఇవ్వాలనుకుంటే మంచి దరువున్న పాటలు పెట్టి ఇవ్వండి. లయ వినిపిస్తే అడుగు కుదురుగా పడటం చాలామందిలో చూస్తాం.

రేపెప్పుడైనా ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కలిపితే ఒక మాట గుర్తుంచుకోండి. ఇవి డోపమైన్‌గా మారవు, నేరుగా రిసెప్టార్ మీదే కూర్చుంటాయి. డీ3 మీద వీటికి మోజు ఎక్కువ, అది కోరికల వైపున్న భాగంలో దండిగా ఉంటుంది. నా పేషెంటు ఒకాయన, జీవితంలో పేక ముట్టని మనిషి, ఈ మందు మీద ఉండగా ఫోన్‌లో రమ్మీకి పడి ఏడాదిలో పొదుపంతా ఊడ్చేశాడు. ఇంట్లోవాళ్లు సిగ్గుతో నాకు చెప్పలేదు. ఓపీలో నేనూ అడగలేదు, అది నా తప్పే. మాత్ర నెమ్మదిగా తగ్గించాక ఆ పిచ్చి పోయింది. ఇప్పుడు ఈ మందు రాసిన ప్రతివాళ్లనూ జూదం, కొనుగోళ్లు, తిండి గురించి మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

ఇక గ్యాస్ మాత్ర. మన దగ్గర ఎసిడిటీకి అమ్మే మాత్రల్లో రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ లేదా పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అనే మందు కలిసి ఉండేవి చాలా ఉన్నాయి. తరచుగా 75 మిల్లీగ్రాములు. అది డీ2ను అడ్డుకుంటుంది. కడుపులో డీ2ను అడ్డుకుంటే ఆహారం చకచకా కిందికి దిగుతుంది, ఉబ్బరం తగ్గినట్టుంటుంది, అందుకే రాస్తారు. కానీ అది కడుపు దగ్గరే ఆగదు. పిట్యూటరీ మీద పనిచేస్తే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, ఆడవాళ్లకు నెలసరి తప్పడం, పిల్లలు లేకపోయినా పాలు రావడం చూస్తాం. స్ట్రయేటమ్‌లో పనిచేస్తే అచ్చం పార్కిన్సన్స్ వస్తుంది, ముఖ్యంగా అరవై దాటినవాళ్లకు. నాలుగు వారాలకని రాసిన చీటీని మందుల షాపులో చూపించి ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఎందరో. కళ్లు తిరిగితే ఇచ్చే వాటిలో సిన్నరిజిన్, ఫ్లునరిజిన్‌లకు కూడా ఈ గుణం ఉంది. రెండూ కలిస్తే చెప్పక్కర్లేదు. గ్యాస్ మాత్ర ఇంట్లో ఎవరూ మందుగా లెక్కపెట్టరు. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. అందుకే నేను "పరగడుపున ఏం వేసుకుంటారు?" అని విడిగా అడగడం నేర్చుకున్నాను.

నాన్నగారికి ఇదే అయ్యుంటుందని నేను అనడం లేదు. నిజమైన పార్కిన్సన్సే కావచ్చు. తేడా కొంత పసిగట్టవచ్చు. కణాలు పోయే జబ్బు సాధారణంగా ఒక పక్క మొదలై ఆ పక్కే ఎక్కువగా ఉంటుంది. ఏళ్ల ముందు నుంచే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులూ కాళ్లూ విసరడం ఉండొచ్చు. మందువల్ల వచ్చేది తరచుగా రెండు పక్కలా ఒకేసారి, నెలల్లోనే ముదురుతుంది. ఇవేవీ గీత గీసినట్టు ఉండవు. అనుమానం తీరకపోతే ట్రోడాట్ స్కాన్ అని ఒకటుంది. ఇందాక గుర్తుంచుకోమన్న ద్వారం, డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్, దానికి అతుక్కునే మందు ఎక్కించి ఫోటో తీస్తారు. కణాలు పోయి ఉంటే స్ట్రయేటమ్ మసకబారుతుంది. కణాలుండి రిసెప్టార్లే మూసుకుపోయి ఉంటే ఫోటో నిండుగా వస్తుంది. అప్పుడు అడ్డం పడిన మందు తీసేస్తే వారాల్లోనో నెలల్లోనో మనిషి తేరుకుంటాడు. కొందరికి ఆర్నెల్లు దాటుతుంది. కొందరికి మందు ఆపినా జబ్బు పూర్తిగా పోదు, లోపల నిశ్శబ్దంగా మొదలైన అసలు పార్కిన్సన్స్‌ను ఆ మందు ముందుగా బయటపెట్టిందని అప్పుడు తెలుస్తుంది. ఇంకో సంగతి, రిసెప్టార్ మూసుకుని ఉన్నంతకాలం లెవోడోపా కూడా సరిగా పనిచేయదు. మాత్ర గుణం ఇవ్వలేదని మోతాదు పెంచుకుంటూ పోయిన కేసులు నేను చూశాను.

కాబట్టి రేపు పొద్దున నాన్నగారి మాత్రల డబ్బా తెరవండి. స్ట్రిప్ ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, అది వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి, కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. లెవోసల్పిరైడ్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, మెటోక్లోప్రమైడ్, వీటిలో ఏది కనబడినా ఆ ఫోటోలతో లెవోడోపా రాసిన డాక్టరుగారినే కలవండి. ఆపాలా, ఎలా ఆపాలి అన్నది ఆయన చెప్తారు. లెవోడోపాను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి, అలా చేస్తే తీవ్రమైన జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు.

స్ట్రిప్ వెనక ఏముందో ఇక్కడ రాయండి. దాంతోపాటు, గుండీల ఇబ్బంది ముందు ఏ చేతికి మొదలైందో, పోపు వాసన ఆయనకు తెలుస్తోందో లేదో అమ్మగారిని అడిగి చెప్పండి.